నీళ్లు లేకుండా నడిచే ప్రోటాన్

హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ తొలగితే మిగిలేది ప్రోటాన్. ఫ్యూయల్ సెల్‌లో కరెంటు పుట్టాలంటే ఎలక్ట్రాన్ బయటి తీగ గుండా పోవాలి, ప్రోటాన్ లోపలి పల్చటి పొర దాటి ఆక్సిజన్‌ను చేరాలి. వాడుకలో ఉన్న నాఫియాన్ అనే పాలిమర్ పొరలో ప్రోటాన్‌ను దాటించేది నీరే. ఒక నీటి అణువు ప్రోటాన్‌ను అందుకుని, తనలోని మరొకదాన్ని పక్క అణువుకు అప్పగిస్తుంది. ఇలాంటి చేతులు మారే పద్ధతిని గ్రోథుస్ అనే శాస్త్రవేత్త 1806లోనే ఊహించాడు. పొర ఎండితే దారి మూసుకుపోతుంది. అందుకే ఈ సెల్‌ను 80 డిగ్రీల దరిదాపుల్లోనే నడుపుతారు, లోపలికి పంపే వాయువులకు తేమ పట్టిస్తారు.

వేసవిలో 40 డిగ్రీలు దాటే అనంతపురం జిల్లా రాయదుర్గం లాంటి కరువు సీమలో ఇది రెండింతల భారం. పొడిగాలిని తడపడానికి నీళ్లు కావాలి, ఆ ఎండలో సెల్‌ను చల్లార్చడమూ కష్టమే. 120 డిగ్రీలు దాటి, నీళ్లతో పనిలేకుండా నడిచే పొర దొరికితే ఈ రెండు చిక్కులూ తేలికపడతాయి.

ఫాస్ఫారిక్ ఆమ్లం, ఇమిడజోల్ నీటిలాగే ప్రోటాన్‌ను పుచ్చుకుని ఇవ్వగలవు. అయితే ఆమ్లం మెల్లగా కారిపోతుంది, ఇమిడజోల్ ఆవిరవుతుంది. పోకుండా వాటిని పెద్ద అణువులకు కట్టేస్తే కదలిక తగ్గి ప్రోటాన్ నెమ్మదిస్తుంది. ద్రవ స్ఫటికాల అవసరం ఇక్కడే. వాటి అణువులు ద్రవంలా కదులుతూనే స్ఫటికంలా ఒక వరుసను పాటిస్తాయి. బిళ్లల ఆకారపు అణువులూ ఇలా ద్రవ స్ఫటికాలవుతాయని 1977లో చూపింది బెంగళూరు రామన్ పరిశోధనా సంస్థలోని ఎస్. చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్. ఈ అణువులు రూపాయి బిళ్లల దొంతరలా స్తంభాలు కడతాయి. ప్రోటాన్‌ను మార్చుకునే పరమాణు సమూహాలను వాటికి తగిలిస్తే స్తంభం పొడవునా దారి ఏర్పడుతుంది.

కష్టం లేకపోలేదు. స్తంభాలన్నీ ఒకే దిక్కుకు నిలవవు. దిక్కు మారిన ప్రతి హద్దు దగ్గరా ప్రోటాన్ తడబడుతుంది. తడి నాఫియాన్ వాహకత సెంటీమీటరుకు సుమారు 0.1 సీమెన్స్, నీరులేని ద్రవ స్ఫటికాల్లో చాలావాటిది అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువ. అయినా పొడి నేలలకు పనికొచ్చే మార్గాల్లో ఇది విడిచిపెట్టదగ్గది కాదు.

2023 జనవరిలో ఆమోదం పొందిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ పరిశోధనకు 400 కోట్ల రూపాయలు కేటాయించింది. అందులో కొంత ఈ పొరలకు దక్కాలి. వాటి పరీక్షలు అనంతపురం ఎండలో, అనంతపురం పొడిగాలిలోనే జరగాలి.