పేరు దివానుది, పనితనం సిలావట్‌లది

రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో నథ్మల్‌జీ హవేలీ అనే భవనం ఉంది. పసుపుపచ్చని ఇసుకరాయితో 1885లో కట్టిన ఇల్లది. జైసల్మేర్ సంస్థాన దివాను మొహతా నథ్మల్ నివాసం కనుక ఆయన పేరే దానికి నిలిచింది. దానిని చెక్కినవారు హాథీ, లూలూ అనే అన్నదమ్ములు. సిలావట్‌లనే ముస్లిం శిల్పుల వంశంవారు.

ద్వారానికి అటూ ఇటూ రాతి ఏనుగులు. పైన గోడ నుంచి ముందుకు వచ్చిన ఝరోఖాలు, వాటి నిండా నగిషీలు. ముఖభాగంలో ఒక సగం అన్న, మరో సగం తమ్ముడు చెక్కారని చెబుతారు. దూరం నుంచి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే తేడాలు తెలుస్తాయి. అయినా కట్టడం పొందిక చెడలేదు. యజమాని హిందువు, శిల్పులు ముస్లింలు. ఈ దేశ వారసత్వంలో ముస్లింల చోటెక్కడని అడిగేవారికి ఆ గుమ్మమే జవాబు.

అయితే ఆ గర్వంతోనే మనం ఆగిపోలేము. రాతిపని చేసిన ముస్లింలు మన తెలుగు ఊళ్లలోనూ ఉన్నారు. తురక కాశలు, జింక సాయిబులు, పత్థర్ ఫోడులు. ఉలి, సుత్తి పట్టుకొని వీధివీధీ తిరిగి, అరిగిన రోళ్లకూ తిరగళ్లకూ కక్కు కొట్టినవారు. మిక్సీలు, పిండిమరలు వచ్చాక వారిని పిలిచేవారు కరవయ్యారు. హవేలీ శిల్పుల పేర్లైనా చరిత్రలో మిగిలాయి. వీరికి మిగిలింది 2007 నాటి చట్టంలోని బీసీ-ఇ జాబితాలో ఒక వరుస.

ఆ 4 శాతం రిజర్వేషన్‌ను మతం పేరిట ఇచ్చిన కానుకగా చిత్రించేవారు ముందు ఆ జాబితా చదవాలి. రాళ్లు కొట్టేవారు, బట్టలుతికేవారు, క్షౌరవృత్తివారు అందులో కనిపిస్తారు. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలను చట్టమే మినహాయించింది. ముస్లింలందరికీ ఇచ్చినదైతే ఈ మినహాయింపు ఎందుకు?

మన జమాత్‌లకు, మసీదు కమిటీలకు చేతిలో పని ఉంది. ఈ కుటుంబాల పిల్లలకు బీసీ-ఇ ధ్రువపత్రాలు ఇప్పించాలి. 2023లో కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం రాతిపనివారికీ వర్తిస్తుందని తెలియజెప్పాలి. వృద్ధుల నుంచి వారి పనిముట్ల పేర్లు, పని పద్ధతులు అడిగి రాసిపెట్టాలి.

జైసల్మేర్ వెళ్లగలిగినవారు వెళ్లి ఆ హవేలీని చూడవలసిందే. అంతకన్నా ముందు, మన వీధిలో రోళ్లకు కక్కు కొట్టిన తాతగారి మనవడు బడికి వెళ్తున్నాడో లేదో కనుక్కుందాం.