తల అదిరితే మంచమే మందా?

2021లో జాతీయ జూనియర్ కబడ్డీకి వేదికైన సూర్యాపేటలోనైనా, కోదాడ, మిర్యాలగూడ మైదానాల్లోనైనా కూతకెళ్లిన పిల్లాడి తల నేలకు కొట్టుకునే ప్రమాదం ఉండనే ఉంటుంది. ఆపై తలనొప్పి, కళ్లు తిరగడం వదలకపోతే మంచానికి అప్పగించడమే మనకు తెలిసిన వైద్యం. అమెరికాలో బఫెలో విశ్వవిద్యాలయ పరిశోధకుల సారథ్యంలో 118 మంది కౌమార క్రీడాకారులపై జరిగి, 2021లోనే వెలువడిన ప్రయోగం మరోమాట చెప్పింది. దెబ్బ తగిలిన పదిరోజుల్లోపు, బాధ పెరగనంత వేగంతో రోజూ వ్యాయామం మొదలుపెట్టినవారిలో, ఒళ్లు సాగదీతకే పరిమితమైనవారికంటే, నెల దాటినా లక్షణాలు వదలని ముప్పు 48 శాతం తగ్గింది.

కదిలిస్తే దెబ్బ ముదరదా అన్న తల్లిదండ్రుల భయం సబబే. అందుకే తొలి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాతే డాక్టరు చెప్పిన గుండెవేగం దాటని నడక, సైకిలు. ఇది చికిత్స, ఆట కాదు. దెబ్బ తగిలిన రోజే మళ్లీ బరిలోకి దింపే కోచ్‌లకు (వారికి కొదవ లేదు) ఇందులో అనుమతేమీ లేదు. వాంతులు, మగత ఉంటే ముందు ఆసుపత్రికే. ఖరీదైన యంత్రాలు లేవన్న సాకూ చెల్లదు: నాడి చూసుకోవడానికి రెండు వేళ్లు, ఒక గడియారం చాలు.