దుర్యోధనుడికి లేని జబ్బు జోకరుకు ఎందుకు?

దసరా సెలవులకు ఇంటికి వచ్చిన మా మనవడు, "తాతయ్యా, జోకరు వేషం వేసినవాళ్ళలో ఎవరు గొప్పో మీరే తేల్చాలి" అని పట్టుబట్టాడు. వాడికి నచ్చిన ఇంగ్లీషు బొమ్మల కథల పుస్తకాల్లో బ్యాట్‌మన్ అనే వీరుడికి ప్రతినాయకుడు ఈ జోకరు. 1940లో పుస్తకంలో పుట్టి, తరువాత తెర మీదికి ఎక్కాడు. ఎస్వీ రంగారావు దుర్యోధనుడు గొప్పా, రామారావు దుర్యోధనుడు గొప్పా అని హాస్టలు గదిలో తెల్లవారేదాకా వాదించుకున్న తరం మాది. అందుచేత వాడి ప్రశ్న నాకు వింతగా తోచలేదు. వారం రోజులు రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని ఆ చిత్రాలు చూశాం. నేను చూసింది మాత్రం వైద్యుడి కళ్ళతో.

మొదటివాడు సీజర్ రొమేరో. 1966 నాటి జోకరు. తన మీసం తీయడానికి ఒప్పుకోక, దాని మీదే తెల్లరంగు పూయించుకున్నాడట. పరీక్షగా చూస్తే మీసం కనబడుతూనే ఉంటుంది. ఇతడు అల్లరి దొంగ. పిల్లలు చూసి నవ్వుకోవచ్చు. 1989లో జాక్ నికల్సన్ వేసిన జోకరు రసాయనాల తొట్టిలో పడి, ముఖం మీద నవ్వు అలాగే బిగుసుకుపోయినవాడు. అయితే ఆ తొట్టిలో పడకముందే అతడు హంతకుడు. రసాయనం ముఖాన్ని మార్చిందే గాని గుణాన్ని కొత్తగా తెచ్చిపెట్టలేదు.

2008లో హీత్ లెడ్జర్ వచ్చాడు. ఇతడి నోటికి రెండు వైపులా గాటు మచ్చలు. అవి ఎలా వచ్చాయో ఒకచోట ఒక కథ చెబుతాడు, మరొకచోట ఇంకొక కథ చెబుతాడు. తన దుర్మార్గానికి ఇదీ కారణమని ప్రేక్షకుడి చేతికి అందనివ్వడు. ప్రతినాయకుడిగా నా ఓటు ఇతడికే. చిత్రం విడుదల కాకముందే, 28 ఏళ్ళ వయసులో, లెడ్జర్ మరణించాడు. ఆస్కారు మరణానంతరం వచ్చింది. 'ఆ పాత్రే అతణ్ణి మింగేసింది' అని నేటికీ చెప్పుకుంటారు. వైద్య పరీక్షలో తేలింది వేరు. నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు ఒంట్లో కలిసి, పొరపాటున జరిగిన మరణం అది. విడివిడిగా వైద్యులు రాసిచ్చే మందులే కలిసినప్పుడు ఊపిరిని ఆపగలవు. పక్కింటివారి నిద్రమాత్ర అరువు తెచ్చుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక 2019 నాటి వాకిన్ ఫీనిక్స్. నటనలో ఇతడిదే అగ్రస్థానం. ఆ పాత్రకోసం ఇరవై కిలోలకు పైగా బరువు తగ్గాడు. సందర్భం లేకుండా పొంగుకొచ్చే నవ్వును ఆపుకోలేక గొంతు పట్టుకుని గిలగిలలాడతాడు. అది తన జబ్బని తెలిపే చీటీ ఒకటి జేబులో పెట్టుకు తిరుగుతాడు. ఇటువంటి స్థితి నిజంగానే ఉంది. పక్షవాతం వచ్చినవారిలోను, తలకు బలమైన దెబ్బ తగిలినవారిలోను, కొన్ని నరాల జబ్బులలోను మనసుతో సంబంధం లేకుండా నవ్వో ఏడుపో తన్నుకొస్తుంది. అది పొగరూ కాదు, దెయ్యమూ కాదు. తగ్గించే మందులు ఉన్నాయి. ఈ బాధను ఇంత నిజాయితీగా చూపినందుకు ఆ నటుడికి నమస్కరించాను.

కాని నా బెంగ మొదలైంది కూడా అక్కడే. కథలో అతడికి సలహాలిచ్చే కేంద్రం నిధులు లేక మూతపడుతుంది. మందులు ఆగిపోతాయి. అంతకుముందే మొదలైన హత్యలు ఆ తరువాత కొనసాగుతాయి. చిత్రకారుల ఉద్దేశం సమాజపు నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపడమే కావచ్చు. చూసినవాడి మనసులో మిగిలేది మాత్రం, 'మందులు మానిన మనోరోగి హంతకుడౌతాడు' అన్న ఒక్క ముక్క. అదీగాక బొమ్మల పుస్తకాల్లో ఈ జోకరును బంధించేది మానసిక చికిత్సాలయంలోనే. నేరస్థుడి కొట్టూ, రోగి పడకా పిల్లల బుర్రలో ఒకటైపోతాయి.

ఇప్పుడు మన దుర్యోధనుణ్ణి చూడండి. 'మాయాబజార్'లో ముక్కామల, 'నర్తనశాల'లో ధూళిపాళ, 1965 నాటి 'పాండవ వనవాసం'లో రంగారావు, 1966 నాటి 'శ్రీకృష్ణ పాండవీయం'లోను 1977 నాటి 'దాన వీర శూర కర్ణ'లోను రామారావు ఆ పాత్ర ధరించారు. ముక్కామలది మేనమామ మాటకు ఊగే రాజసం. ధూళిపాళది రంగస్థలం మీద పదునెక్కిన వాచికం. రంగారావు సభలో కూర్చుంటే చాలు, గర్వమే మనిషై కూర్చున్నట్టుండేది. రామారావు ఆ పాత్రను ప్రేమించాడు. అవమానాన్ని, అభిమానాన్ని, కర్ణుడి మీది స్నేహాన్ని చూపించి, చివరకు ఒక యుగళగీతం కూడా పెట్టాడు. పాత్రను ఇన్ని విధాల మలిచినా ఒక్కరూ అతడికి జబ్బు అంటగట్టలేదు. అసూయను అసూయగానే, పొగరును పొగరుగానే చూపారు. పెద్దలు చెప్పిన హితవు వినడానికి, వినకపోవడానికి తగిన బుద్ధి అతడికుంది. తెలిసే తప్పు చేశాడు గనుకనే ఫలం అనుభవించాడు. మా ఊళ్ళలో రాత్రంతా రాయబారం నాటకం చూసిన అక్షరం రాని రైతుకు కూడా ఈ తేడా తెలుసు.

నాటకంలో తెలిసిన ఈ తేడా నిజజీవితంలో ఎందుకు మరచిపోతామో నాకు అర్థం కాదు. 1980లలో నేను పార్వతీపురం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాణ్ణి. ఒక తల్లి తన కొడుకును తీసుకువచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. తనలో తాను మాట్లాడుకుంటాడు, నవ్వుకుంటాడు. చీలమండల దగ్గర గొలుసు ఒరుసుకుని పుండు పడింది. ఒంటి మీద రాళ్ళ దెబ్బలు. "మీదకి వస్తాడా అమ్మా?" అని అడిగాను. "ఈడు ఎవుల్నీ కొట్టనేదు బాబూ. అందరూ ఈడినే కొడతన్నారు" అంది. చినవాల్తేరు ఆసుపత్రికి పంపుదామంటే భయపడింది. మా వైపు ఆ పేరు వినగానే నవ్వేవాళ్ళే ఎక్కువ. నచ్చజెప్పి పంపాను. ఇంజెక్షన్లు, మాత్రలు క్రమంగా వాడారు. మరుసటి ఏడు అతడు ఉడుపుల వేళ పొలంలో కనిపించి, దండం పెట్టాడు.

ఆ తల్లి చెప్పిన మాటే వైద్యశాస్త్రమూ చెబుతుంది. తీవ్రమైన మనోవ్యాధి ఉన్నవారు ఇతరులను హింసించడం కన్నా తామే హింసకు గురికావడం ఎక్కువ. లోకంలో జరిగే హింసలో అధికభాగం ఏ మనోవ్యాధీ లేనివారు చేసేదే. చికిత్స అందక, దానికి తోడు మద్యమో మత్తుపదార్థమో చేరినప్పుడు కొందరిలో ప్రమాదం పెరుగుతుందన్నది కూడా నిజమే. అందుకు మందు వైద్యం, గొలుసు కాదు. మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసుతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

మీ ఇంట్లోనో వీధిలోనో ఎవరైనా నిద్ర మాని, మనుషులకు దూరమై, లేని మాటలు వినబడుతున్నాయంటే ఆలస్యం చేయకండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవవచ్చు. బాగుపడ్డాక కూడా వైద్యుణ్ణి అడగకుండా మందులు మానకూడదు.

"ఇంతకీ ఎవరు గొప్ప తాతయ్యా?" అని వెళ్ళేరోజు మళ్ళీ అడిగాడు మనవడు. "నటనకు ఫీనిక్సు, విలనుకు లెడ్జరు" అన్నాను. "కాని ఇకమీద ఎవరినైనా పిచ్చోడని నవ్వబోయే ముందు ఒక్కసారి దుర్యోధనుణ్ణి తలుచుకో. అంత కీడు చేసినవాడికి ఏ జబ్బూ లేదు."