ఎందుకు చేరాలనుకొంటున్నావు బాబూ?

పిల్లలను పరీక్షలకు సిద్ధపరచడం గూర్చి ఈ పేజీలో పలుమార్లు రాశాం. ఈసారి మాకే ఎదురైన చిన్న పరీక్షను గూర్చి చెప్పాలని ఉంది.

మా తమ్ముని కుమారుడు బి.యిడి. పూర్తి చేశాడు. బ్యాంకు ఆఫీసరు పరీక్షలూ రాశాడు. రాతపరీక్షలు గట్టెక్కి, విజయవాడలో ఇంటర్వ్యూకని రెండు రోజులు ముందుగానే మా ఇంట దిగాడు. వెనుకనే తమ్ముడి ఫోను. "అన్నయ్యా, వాడు నోరు విప్పడు. నువ్వూ వదినా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి."

అడిగాం. భోజనాల బల్లకు ఈవల మేమిద్దరం, ఆవల వాడు. రెపో రేటంటే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకిచ్చే స్వల్పకాలపు అప్పు మీద తీసుకొనే వడ్డీ అని తడుముకోకుండా చెప్పాడు. సంతోషించాం. "బ్యాంకులో ఎందుకు చేరాలనుకొంటున్నావు బాబూ?" అంటే, గ్రామీణ ప్రజల ఆర్థికాభివృద్ధి అంటూ నిమిషంపాటు గడగడా అప్పజెప్పాడు. మేము చప్పట్లు కొట్టాం. వాడు నవ్వలేదు. "అది నా మాట కాదు పెదనాన్నా. కోచింగులో ఇచ్చిన కాగితం. మా బ్యాచి అంతా అదే చెబుతుంది" అన్నాడు.

అసలు అడగవలసిన ప్రశ్న అప్పుడుగాని మాకు తోచలేదు. నీకిష్టమేనా? ఇష్టం లేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పాలని వాడి కోరిక. మళ్ళీ డీఎస్సీ ఎప్పుడు వస్తుందో తెలియదు. అక్క పెళ్ళికి చేసిన అప్పు మీద వడ్డీ మాత్రం నెలనెలా తప్పకుండా వస్తుంది. "డీఎస్సీలో ఇంటర్వ్యూ ఉండదు పెద్దమ్మా, అందుకే నాకు అదంటే ఇష్టమేమో" అని అప్పుడు నవ్వాడు.

ఇష్టంలేని ఉద్యోగం చేయడం తప్పని మేము అనం. మన తండ్రులలో చాలామంది ఇల్లు గడవడానికి దొరికిన పనిలో చేరి, పోను పోను దానిమీదే మనసు నిలుపుకొన్నారు. మేము బాధపడేది, ఊరికే 'అనుభవం కోసం' వెళ్ళి, ఎంపికై, చేరి, ఆరు నెలలకే మానేసేవారిని గూర్చి. ఈ నియామకాల్లో రిజర్వు జాబితా అని ఒకటుంటుంది. ఎంపికైనవారు చేరకపోతే అందులోనివారిని పిలుస్తారు. ఆ జాబితాకూ గడువుంది. గడువు దాటాక మానేస్తే ఆ కుర్చీ ఖాళీ, దానికోసం ఎదురుచూసిన పిల్లవాడి చేతులూ ఖాళీ.

మార్కుల లెక్కా వేశాం. ప్రభుత్వ బ్యాంకుల ఉమ్మడి నియామకంలో ఇంటర్వ్యూకి 100 మార్కులు. తుది లెక్కలో మెయిన్స్‌కు 80 పాళ్ళు, దీనికి 20. కాని ఇందులో 40 రాకపోతే (కొన్ని వర్గాలకు 35) రాతపరీక్షలో ఎన్ని వచ్చినా లాభం లేదు. నిజం చెప్పి ఆ నలభై పోగొట్టుకొంటే? ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వాడిలోనే నిజమైన జవాబు ఏదైనా ఉందేమోనని వెదికాం. దొరికింది. వాళ్ళమ్మ డ్వాక్రా సంఘం లెక్కల పుస్తకం ఇంటర్మీడియట్ నాటినుంచి రాసేది వీడేనట! సంఘం వాళ్ళతో బ్యాంకుకు వెళ్ళి లోను కాగితాలు నింపేదీ వీడే. ఇంత ఉంచుకొని కోచింగు కాగితం దేనికి? బి.యిడి. సంగతి అడిగితే దాచవద్దన్నాం. టీచరు కావాలనే చదివాను, ఇంటికి ఇప్పుడు జీతం అవసరం, చేరితే బాండు రాసిన కాలమంతా శ్రద్ధగా పనిచేస్తాను. ఇంతే. తమ్ముడికి ఫోనులో ఇది చెబితే, "అలా చెప్పేవాడికి ఉద్యోగం ఎవరిస్తారన్నయ్యా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

ఇంటర్వ్యూ పావుగంటలో అయిపోయిందట. బి.యిడి. చదివి ఇక్కడికెందుకు వచ్చారన్నదే మొదటి ప్రశ్న. ఉన్నదున్నట్లు చెప్పాడు. ఒకాయన మొహం చిట్లించారట. పక్కనున్నావిడ మాత్రం సంఘంలో సభ్యులకిచ్చే అప్పులు పుస్తకంలో ఎలా రాసేవారని వివరంగా అడిగారట. "అదొక్కటే భయం లేకుండా చెప్పాను పెదనాన్నా" అన్నాడు.

ఫలితం ఇంకా రాలేదు. మొన్న తమ్ముడు ఫోను చేశాడు. ఇంటర్వ్యూ మాట ఎత్తలేదు. వాడు డీఎస్సీ పుస్తకాలు మా ఇంట్లో మరచి వచ్చాడట, ఎవరైనా తమ ఊరివైపు వస్తుంటే తప్పక ఇచ్చి పంపమన్నాడు.