యూనిట్ ధర పక్కన ఒక గడి తక్కువైంది

మా విభాగంలో ఈ మధ్య ఒక సెమినార్ జరిగింది. అణు విద్యుత్తు మేలా, సహజవాయువు మేలా అన్నది అంశం. తెర మీద పట్టిక వేశారు. ఒక యూనిట్ కరెంటుకు వెలువడే కార్బన్: బొగ్గుతో దాదాపు 820 గ్రాములు, గ్యాసుతో 490, అణువుతో 12. ఐపీసీసీ 2014 నివేదిక అంకెలే, వాటితో నాకు పేచీ లేదు. పక్క గడిలో ధర, ఆ పక్కన ఎకరాలు. ఎవరి ఎకరాలు అనే గడి మాత్రం లేదు. లేచి అడిగితే, అది సామాజిక కోణం, చివర్లో మాట్లాడుకుందాం అన్నారు. చివర్లో టీ ఇచ్చారు.

ఆ లేని గడిని నేను బస్తర్‌లో చూశాను. నా ఫీల్డ్‌వర్క్‌లో కొంత భాగం సుక్మా జిల్లా కుంటలో, శబరి ఒడ్డున. దోర్ల ఆదివాసుల మాటలో తెలుగు బాగా కలిసి ఉంటుంది కాబట్టి నాకు అనువాదం అవసరం పెద్దగా పడలేదు. అక్కడ ఒక పెద్దాయన నన్ను అడిగింది ఒక్కటే: పోలవరం నిండితే నీళ్లు చేను దాకా వస్తాయా, ఇంటి దాకా వస్తాయా? రాష్ట్రాల మధ్య ఒప్పందం ప్రకారం కుంట దగ్గర నీటిమట్టం 150 అడుగులు దాటకూడదు. ఆ 150 అడుగులు తన చింతచెట్టుకు ఎక్కడ తగులుతాయో ఆయనకు చెప్పిన అధికారి లేడు. ఇన్నేళ్లు చదివిన నేనూ చెప్పలేకపోయాను. 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఆంధ్రప్రదేశ్‌లో, మునక భయం ఇక్కడ. పట్టికలో మాత్రం జలవిద్యుత్తు ‘స్వచ్ఛం’.

ఇంద్రావతి మీద బోధ్‌ఘాట్‌దీ ఇదే కథ. 1979లో శంకుస్థాపన చేశారు. ప్రపంచ బ్యాంకు రుణం మంజూరు చేసి తర్వాత రద్దు చేసింది. అయిపోయిందనుకున్నారు. 2020లో కాంగ్రెస్ ప్రభుత్వం దాన్ని మళ్లీ లేపింది, 2025లో బీజేపీ ముఖ్యమంత్రి ఢిల్లీ దాకా మోసుకెళ్లారు. జెండా మారినా ఫైలు మారలేదు. ఇప్పుడు చెబుతున్న సామర్థ్యం 125 మెగావాట్లు. దానికి దాదాపు నలభై ఊళ్లు మునగాలి.

గ్యాసు గురించి తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. కేజీ బేసిన్ గ్యాసును నమ్ముకుని సామర్లకోటలో కట్టిన 2,400 మెగావాట్ల కేంద్రం గ్యాసు లేక నడవనే లేదు.

ఇక అణువు. ఒక మాట ఒప్పుకోవాలి, మెగావాటుకు దానికి కావాల్సిన భూమి తక్కువ. శ్రీకాకుళం తీరాన కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలంటే దాదాపు రెండు వేల ఎకరాలు. అంతే కరెంటు సౌరంతో తీయాలంటే ఎన్నో రెట్లు కావాలి. కానీ ఆ రెండు వేల ఎకరాలు మత్స్యకారులవి, రైతులవి. యురేనియం తవ్వింది జాదుగూడలో సంతాల్, హో ఆదివాసుల నేలలో. నల్లమలలో చెంచుల దగ్గరికి కూడా వచ్చారు, జనం తిరగబడితేనే 2019లో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది.

ఇప్పుడు వంతు ఛత్తీస్‌గఢ్‌ది. 2025 మార్చిలో రాయ్‌పూర్ పెట్టుబడిదారుల సదస్సులో 4,200 మెగావాట్ల ఎన్టీపీసీ అణుకేంద్రం ప్రకటించారు, పెట్టుబడి 80,000 కోట్లు. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ చట్టం చేసింది. అణు కేంద్రాలు నడపడానికి ప్రైవేటుకు తలుపు తీసింది. నాసిరకం పరికరం అమ్మిన కంపెనీ నుంచి పరిహారం రాబట్టుకునే హక్కు 2010 చట్టంలో ఉండేది, భోపాల్ గుర్తున్నవాళ్లు పట్టుబట్టి పెట్టించిన హక్కు. దాన్ని తీసేశారు. ఎంత పెద్ద రియాక్టరైనా నడిపే సంస్థ బాధ్యత 3,000 కోట్లు దాటదు. ఎనభై వేల కోట్ల యంత్రం పక్కన మూడు వేల కోట్ల ప్రాణాలు!

నన్ను అభివృద్ధి వ్యతిరేకి అనకండి. ఊళ్లో బల్బులు వెలిగిన చాలా ఏళ్లకు మా వాడకు కరెంటు స్తంభం వచ్చింది. చీకటి మీద నాకు మోజు లేదు. 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా విద్యుత్ శాఖను చూసింది బాబాసాహెబే. చవకగా, సమృద్ధిగా కరెంటు ఉంటేనే పరిశ్రమలు, పరిశ్రమలుంటేనే పేదరికం నుంచి విముక్తి అని వాదించారు. విద్యుత్తు ప్రభుత్వం చేతిలోనే ఉండాలన్నారు. ఆయన చేయి పడిన దామోదర్ లోయ ప్రాజెక్టులోనూ సంతాల్ ఊళ్లు మునిగాయి. అది మనం దాచకూడదు. ఆయన పేరు చెప్పుకునేవాళ్లం ఆ తప్పును బోధ్‌ఘాట్‌లో రెండోసారి జరగనివ్వకూడదు.

అందుకే అణువా గ్యాసా అని నన్నడిగితే ముందు గ్రామసభ కాగితం చూపించమంటాను. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ముందస్తు సమ్మతి ఉండాలంటోంది. పట్టికలో మొదటి గడి అదే కావాలి, ధర తర్వాత.

వచ్చే నెల మళ్లీ కుంట వెళ్తున్నాను. ఈసారి కాంటూరు మ్యాపు పట్టుకెళ్తున్నాను, ఆ పెద్దాయన చింతచెట్టు దగ్గర 150 అడుగులు ఎక్కడ పడుతుందో ఇద్దరం కలిసి చూడాలి.