అంగడిలో ఒక పొరపాటు

మొన్నటి ఆషాఢమాసములో ఒకనాడు విజయవాడలోని ఒక పెద్ద బట్టల దుకాణమునకు పోయితిని. శ్రావణములో మా అన్నగారి మనుమరాలి వివాహము. ఆషాఢములో మనవైపు పెండ్లిండ్లు జరుగవు. ఆ నెలలో గిరాకి పడిపోకుండుటకై వర్తకులు వెలలు తగ్గించి అమ్ముదురు. తగ్గింపు వెలల పేరు వినగానే జనము తిరునాళ్లకు పోయినట్లు పోవుదురు. మేమును అట్లే పోయితిమి.

మొదట అందఱమును క్రింది అంతస్తులో నూలు చీరలు చూచితిమి. తరువాత మా యింటి ఆడవారు పట్టుచీరల కొఱకు మేడమీదికి వెళ్లిరి. మెట్లెక్కు ఓపిక లేక నేను క్రిందనే ఒక మూలనున్న స్టూలుమీద కూర్చుండి, మేము చూచి వదలిన మంగళగిరి చీర నొకదానిని మడత పెట్టుచుంటిని. ఎదుట చెదరియున్న వస్తువును సర్దక యూరకుండలేకపోవుట బడిపంతులుగా నున్న దినములనుండి నాకలవాటు. ఆనాడు నేను ధరించినది లేతనీలి చొక్కా. ఆ దుకాణములో పనిచేయు వారందఱికిని అదే రంగు చొక్కాలని నాకు తోచలేదు.

ఇంతలో ఒక పెద్దమనిషి సకుటుంబముగా వచ్చి నా యెదుట నిలిచెను.

"ఏమయ్యా! బేరాల వేళ కూర్చున్నావేమిటి? లే. ఆ పై అరలో పచ్చచీర ఉంది చూడు, అది తియ్యి" అనెను.

నేను తెల్లబోతిని. "అయ్యా, నేను ఈ దుకాణమువాడను కాను" అని యొక్క మాట చెప్పిన సరిపోయెడిది. ఆ మాట నోట రాలేదు. వింత యేమనగా, నేను లేచి నిలుచుంటిని. లేచుటయే కాదు, పై అరలోని పచ్చచీరను తీసి ఆయన చేతికిచ్చితిని! ముప్పదియైదేండ్లు తరగతిలో పిల్లలను "లే", "కూర్చో" అని శాసించినవాడను. ఆ గొంతులోని అధికారమునకు నా మోకాళ్లు నన్నడుగకయే లొంగిపోయినవి. ఆయన చీరను అటునిటు త్రిప్పి చూచి, "దీంట్లో ఎరుపంచు లేదా? తొందరగా చూడు, నిద్రపోతున్నావా?" అనెను.

దూరమునుండి ఇది చూచిన మేనేజరు పరుగున వచ్చెను. "అయ్యో! వారు మా వాళ్లు కాదండీ. మేష్టారు. చీరలు కొనడానికి వచ్చారు" అనెను.

పెద్దమనిషి ముఖము ఎఱ్ఱబడెను. రెండు చేతులు జోడించి, "క్షమించండి మేష్టారూ! మీరు కూర్చోండి, దయచేసి కూర్చోండి. చొక్కా చూసి షాపులో పనివాడనుకున్నాను. మరేమీ అనుకోకండి" అని పలుమాఱులు వేడుకొనెను. ఆయన చెడ్డవాడు కాడు. నన్ను తానే చేయిపట్టి స్టూలుమీద కూర్చుండబెట్టెను. నేనును పెద్దరికము తెచ్చుకొని, "ఫరవాలేదు, ఎవరికైనా జరిగేదే" అంటిని.

ఈ క్షమాపణలు జరుగుచుండగా అక్కడ చీరలు చూపు కుర్రవాడు మా యిద్దఱి నడుమ నిలిచియుండెను. ఇరువది యేండ్లు మించని వయస్సు. లేతనీలి చొక్కా. పెద్దమనిషి నా వైపునుండి ముఖము త్రిప్పి, వానితో "ఏం చూస్తున్నావ్? ఎరుపంచుది తియ్యి" అనెను. వాడు తీసెను.

ఇంటికి వచ్చినదాక నేను లోలోపల మండిపడుచునే యుంటిని. రాత్రి భోజనములవేళ ఈ కథ చెప్పి, "నన్ను పట్టుకొని దుకాణంలో పనివాడనుకుంటాడా!" అంటిని. మా యింటావిడ మజ్జిగ వడ్డించుచు, "అవే మాటలు ఆ అబ్బాయిని అని ఉంటే మీకు కోపం వచ్చేదాండీ?" అని అడిగినది. నేను మాటలాడలేదు. ఆమె అంతటితో వదలలేదు. "మేం పైకి వెళ్లకముందు మీరు ఆ అబ్బాయితో ఏమన్నారో గుర్తుందా? 'అది కాదురా, కిందది లాగు' అన్నారు" అన్నది.

నాకు బాగుగానే గుర్తున్నది. కాని ఆ క్షణమువఱకును అది జ్ఞాపకము పెట్టుకొనదగిన విషయమని తోచలేదు.

అప్పటినుండి ఈ సంగతిని గూర్చి ఆలోచించుచున్నాను. ఆ పెద్దమనిషి చేసిన పొరపాటేది? నన్ను ఉద్యోగి యనుకొనుట గొప్ప తప్పేమియు కాదు. ఆ తప్పులో సగము నా చొక్కాది. పరిశీలింపవలసినది ఆయన క్షమాపణ. "మీతో అట్లు మాటలాడినందుకు మన్నింపుడు" అనుటలో "ఈతనితో అట్లు మాటలాడవచ్చును" అను మాట దాగియున్నది. నాకు తగిలిన దెబ్బకు మందు పూసి, అదే చేతితో ఆ కుర్రవానిని మఱల కొట్టుటవంటిది. ఆ క్షమాపణను నేను హాయిగా స్వీకరించితిని గదా, నా వంతు నాకును ఉన్నది.

మన తెలుగు భాషలో ఈ సంగతి దాచిన దాగదు. ఇంగ్లీషువారికి ఎవరినైనను పిలుచుటకు ఒక్క 'యూ' చాలును. మనకో, నీవు, నువ్వు, మీరు, తమరు. పరోక్షమున వాడు, అతడు, ఆయన, వారు. గోదావరి జిల్లాలలో మాటమాటకును 'అండి' చేర్తురు. ఎదుటివానిని ఏ మెట్టుమీద నిలిపితిమో మన క్రియాపదముల చివరలే బయటపెట్టును. ఆనాడు నేను 'తియ్యి'నుండి 'కూర్చోండి'కి ఎక్కుటకు అరనిమిషమైనను పట్టలేదు. ఆ అరనిమిషములో నేను మాఱలేదు, నా వయస్సు మాఱలేదు. మాఱినదల్లా చొక్కాను గూర్చిన సమాచారమే.

'నువ్వు' అనుట యెల్లయెడల అవమానమని నా యభిప్రాయము కాదు. దేవుని నీవనియే పిలిచెదము. అమ్మను నువ్వనని యిల్లు మనలో ఎన్ని యున్నవి? పల్లెలో "తాతా, నువ్వు తిన్నావా?" అని మనుమడడిగిన తాత పొంగిపోవును. తరగతిలో నేను మీవంటి పిల్లలనెన్నడును మీరని పిలువలేదు, అందుకు నాకు విచారమును లేదు. చనువువలన వచ్చు నువ్వు వేఱు. మనిషి యెవరో తెలియకమునుపే, చొక్కా రంగును చూచి నోట వచ్చు నువ్వు వేఱు. దాని వెంట తఱచుగా 'ఏయ్' అను కేకయో, చిటికెయో కూడ వచ్చును. కొందఱు ఆ కేకయైనను వేయరు, వ్రేలు చూపుదురు.

ఈ సందర్భమున మనము బడిలో తఱచుగా చెప్పుకొను కథ యొకటి జ్ఞాపకమునకు వచ్చుచున్నది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు (1820-1891) తన చివరి కాలములో చాల భాగము నేటి జార్ఖండు రాష్ట్రములోని కర్మాటార్‌లో గడపెను. ఆ రైలు స్టేషనుకు నేడు ఆయన పేరే పెట్టియున్నారు. అక్కడ రైలు దిగిన యువకుడొకడు "కూలీ! కూలీ!" అని అఱచెననియు, సాదా దుస్తులలోనున్న విద్యాసాగరుడు వచ్చి అతని పెట్టెను మోసెననియు, తరువాత ఆయన యెవరో తెలిసి యువకుడు సిగ్గుతో కాళ్లపై పడెననియు కథ ప్రచారమందున్నది. నేనును ఎన్ని యేండ్లో ఈ కథను చెప్పితిని. తన పని తాను చేసికొనుట తప్పు కాదని పిల్లలకు బోధపడుటకు మంచి కథయే. ఇప్పుడు మాత్రము నాకొక సందేహము కలుగుచున్నది. ఆ పెట్టెను మోసినవాడు నిజముగా కూలివాడే యైనచో ఆ యువకుడు సిగ్గుపడునా? మనమీ కథను చెప్పుకొందుమా? ఆ స్టేషనులో ప్రతిదినమును పెట్టెలు మోసినవారి పేరు ఒక్కటియు మనకు తెలియదు.

ఇక నన్ను గద్దించిన మొదటి మాట "కూర్చున్నావేమిటి?" అనునది. నా నేరము కూర్చుండుట! కొనవచ్చినవాడు కూర్చుండిన మర్యాద, అమ్మువాడు కూర్చుండిన సోమరితనము. ఆ దుకాణమున కొనువారికై వరుసగా స్టూళ్లున్నవి. బల్లకు ఆవలి వైపున ఒక్కటియు లేదు. నేను గంటసేపు నిలిచినందుకే స్టూలు వెదకికొంటిని. ఆ కుర్రవాడు ప్రొద్దుటినుండి రాత్రి దుకాణము మూయువఱకును నిలువవలెను. గంటలకొలది నిలువబడి పనిచేయువారికి కాళ్లు వాచును, నడుము నొచ్చును, పిక్కలలోని సిరలు ఉబ్బును. ఈ సంగతి క్రొత్తగా కనుగొన్నదియు కాదు. బ్రిటనులో 1899లోనే దుకాణములలో పనిచేయు స్త్రీలు ముగ్గురికి ఒక ఆసనమైనను ఉండవలెనని చట్టము చేసిరి. మన దేశమున కేరళ రాష్ట్రములో కోళిక్కోడు, త్రిశ్శూరు మొదలగు పట్టణములలోని అమ్మకపు స్త్రీలు కూర్చుండు హక్కు కొఱకు ఏండ్ల తరబడి పోరాడిరి. తత్ఫలితముగా 1960 నాటి దుకాణముల చట్టమును ఆ రాష్ట్రమువారు 2018లో సవరించిరి. తమిళనాడు కూడ తన 1947 నాటి చట్టమును 2021లో అట్లే సవరించినది. కూర్చుండుటకు ఒక చట్టము! మొదట విన్నవారికి నవ్వు వచ్చును. నాకును వచ్చెడిదే, ఆనాడు ఆ గద్దింపు వినియుండనిచో.

చట్టము స్టూలు వేయించగలదు. వేసిన స్టూలుమీద ఉద్యోగి కూర్చుండగా చూచి కొనవచ్చినవాడు ముఖము చిట్లించినచో, యజమాని మఱునాడే దానిని తీయించును. కనుక ఈ విషయమున కొనువారికి బాధ్యత లేదనుట పొసగదు.

"ఎంతైనా వారు చేయునది చీరలు తీసి చూపుటయేగదా" అని కొందఱందురు. ఒకసారి లెక్క వేయుడు. చీర పొడవు ఇంచుమించు 5.5 మీటర్లు. మేము ఆనాడు 40 చీరలు విప్పించితిమి. అనగా 220 మీటర్ల బట్టను ఆ కుర్రవాడు మా కొఱకు విప్పి, మఱల అంచుకు అంచు కలిపి మడచెను. మేము కొన్నవి రెండు. అంతేకాదు. గద్వాల చీరలో నూలు నేతకు పట్టు అంచు ఎట్లు అతుకుదురో, పోచంపల్లిలో నేయుటకు ముందే నూలును ముడులు వేసి ఎట్లు అద్దుదురో, మంగళగిరి చీర నడుమ పూలు లేక అంచుననే అందమంతయు ఎందుకుండునో వాడు మా వాండ్లకు విడమఱచి చెప్పెను. ఉప్పాడ జాందానీని త్రిప్పి వెనుకవైపు చూపి, చేతి నేతకును మరనేతకును భేదము పట్టు విధమును తెలిపెను. అన్నియు విని, చివరకు నేనతనితో అన్న మాట "అది కాదురా, కిందది లాగు".

మీలో కొందఱి అన్నలో అక్కలో అట్టి దుకాణములలో పనిచేయుచుందురు. వారు రాత్రి యింటికి వచ్చి చెప్పు మాటలు నాకంటె మీకే బాగుగా తెలియును. మిగిలినవారు పండుగకు బట్టలు కొనబోయినపుడు తమ యింటి పెద్దల క్రియాపదముల చివరలను చెవియొగ్గి వినుడు. పెద్దలను తప్పుపట్టుమని నేను చెప్పుట లేదు సుమా! వినుడనుచున్నాను, అంతే.

శ్రావణములో ఒక చీర మార్చుకొనుటకై నేను మఱల ఆ దుకాణమునకు పోవలసివచ్చెను. ఈమాఱు తెల్లచొక్కా ధరించి పోయితిని. కారణమడుగవలదు, ఇంత ఆలోచించిన పిదప కూడ మనస్సునకు దాని బలహీనతలు దానికుండును. ఆ కుర్రవాడు అదే బల్లయొద్ద నిలిచి చీరలు మడచుచుండెను. మనుమని యీడువానిని బహువచనముతో పిలుచుట నాకును ఎబ్బెట్టుగానే యుండెను. అయినను గొంతు సవరించుకొని, "బాబూ, మీరు కాస్త ఆ ఉప్పాడ చీర చూపిస్తారా?" అంటిని.

వాడు చేతిలోని మడత ఆపి, నేను పిలిచిన దెవరినో చూచుటకై వెనుకకు తిరిగెను.