ఏరియా సభలో మొదట నీళ్ల లెక్క అడుగుదాం



2015 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలో 193 దేశాలు 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలకు ఒప్పుకున్నాయి. గడువు 2030. ఆ లెక్కన నీతి ఆయోగ్ మన రాష్ట్రానికి మంచి మార్కులే వేస్తోంది. అదే తమిళనాడులోని మన విరుదునగర్, 2018లో కేంద్రం ఎంచిన ఆకాంక్షిత జిల్లాల్లో ఒకటి. రాష్ట్రం మార్కుల్లో మన వీధి కనబడదు.

అందుకే అడుగుతున్నాం: వచ్చే బడ్జెట్‌కు ముందు రాజపాళయం పురపాలక సంఘం ప్రతి వార్డులో ఏరియా సభ పెట్టాలి. అందులో మొదట నీళ్ల లెక్క చదివి వినిపించాలి. మిగతా పనులన్నీ ఆ లెక్కను బట్టే వేయాలి.

నీళ్లే ఎందుకంటారా? అయ్యనార్ కోవిల్ కొండల మీద పడ్డ వాన ముడంగియారుగా దిగుతుంది. ఆరో మైలు జలాశయం నిండితే మన కుళాయి పారుతుంది, కణ్మాయి చెరువులు నిండితేనే వరి, కొబ్బరి, మామిడి. ఆ కొండలు 1988 నుంచి పెద్ద ఉడుతల అభయారణ్యం, 2021 నుంచి పులుల అభయారణ్యం కూడా. అడవి పులికోసమే అనుకునేవారు ఎండాకాలంలో ఒకసారి ఆరో మైలు దాకా వెళ్లి చూడాలి.

దిగువన మిల్లులున్నాయి. సత్రపట్టి వైపు మరమగ్గాల మీద ఆసుపత్రులకు బ్యాండేజి గుడ్డ నేస్తారు. ఆ గుడ్డను తెల్లబరచడానికి కాస్టిక్ సోడా కావాలి, బోలెడు నీళ్లు కావాలి. వాడిన నీరు ఎటు పోతోంది? నీరు 6వ లక్ష్యం, ఉపాధి 8వది, అడవి 15వది. ఆఫీసుల్లో ఇవి వేరువేరు ఫైళ్లు. అటవీ శాఖ, పురపాలక సంఘం, కాలుష్య నియంత్రణ మండలి ఒక్క బల్ల దగ్గర కూర్చోనిదే ఆ ఫైళ్లు కలవవు. సభ పెట్టమనేది వాళ్లను కూర్చోబెట్టడానికే.

శుద్ధి ఖర్చు పెడితే చిన్న యూనిట్లు మూతపడతాయని కొందరంటారు. భయం అబద్ధం కాదు. ఒక్కొక్కరి నెత్తిన వేయకుండా, ప్రభుత్వ వాటాతో అందరికీ కలిపి ఒక శుద్ధి కేంద్రం కట్టమనేది అందుకే. తిరుప్పూరులో నొయ్యల్ ఏరు పాడయ్యేదాకా తాత్సారం చేశారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూయించింది. కూలీలు రోడ్డున పడ్డారు.

చట్టం లేదన్న సాకు చెల్లదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ జిల్లా ప్రణాళికా కమిటీని పెట్టమంది, అందులో ఐదింట నాలుగు వంతుల సభ్యులు స్థానిక సంస్థల్లో గెలిచినవారే ఉండాలంది. మన రాష్ట్ర పట్టణాల్లో ఏరియా సభలు 2022లోనే మొదలయ్యాయి. కొరత అడిగేవాళ్లకే. మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజాగారు సొంత ఇల్లే ఊరికిచ్చేశారు, గాంధీ కళా మండ్రం అదే. మనల్ని అడిగేది ఒక్క పూట.

ఇదే కరపత్రం తమిళంలోనూ వేశాం. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో తమిళం చదువుకున్నవాళ్లం కదా! మగ్గం దగ్గరివాళ్లకు, పక్కింటివాళ్లకు ఆ ప్రతి ఇవ్వండి, సభకు వెంటబెట్టుకు రండి.

సభలో అడగండి: మన కణ్మాయి పూడిక చివరిసారి ఎప్పుడు తీశారు? వరద కాలువ మీద ఎవరి గోడలున్నాయి? తెల్లబరిచిన నీరు ఏ కాలువలో కలుస్తోంది? ఈ ఏడు ఏ పనికి ఎంత డబ్బు? జవాబులు సభ పుస్తకంలో రాయించి, చదివించుకుని, ఆ తర్వాతే లేవండి.